గవ్వల పీట

మా అమ్మగారి ఊరు కందకుర్తి. నిజామాబాదు జిల్లాలో, బోధనుకు ఉత్తరాన, రెంజల్ మండలంలో ఉన్నది. మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గిర పుట్టిన గోదావరి తెలంగాణలో అడుగు పెట్టేది అక్కడే. బాలాఘాట్ కొండల నుంచి 724 కిలోమీటర్లు నడిచి వచ్చిన మంజీర కూడా అక్కడే గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న నది కూడా వచ్చి చేరుతుంది గనుక ఆ చోటును త్రివేణీ సంగమం అంటారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే నదిలో ఉన్న పాత రాతి శివాలయం బయటపడుతుంది. వానలు ముదిరితే మళ్ళీ మునిగిపోతుంది.

కిందటి వేసవి సెలవులకు మా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. వెళ్ళానే గాని నా మనసు మనసులో లేదు. ఎందుకంటే, ఆ చలికాలంలో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది. నడక కూడా కర్ర సాయంతో వచ్చింది. కుడి చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. వేళ్ళు కదిలేవి గాని, పట్టు ఉండేది కాదు.

డాక్టరు ఆమెకు ఒక రబ్బరు బంతి ఇచ్చి, "రోజూ దీన్ని నొక్కండి. పళ్ళెంలో సెనగలు పోసుకుని ఒక్కొక్కటే ఏరండి. చేతికి ఎంత పని చెబితే అంత మంచిది," అని చెప్పి పంపాడు. మా అమ్మ ఆ బంతిని రెండు రోజులు నొక్కి కిటికీలో పెట్టేసింది.

"బంతులతో ఆడుకునే ఈడా బిడ్డా నాది? ఈ చెయ్యి ఇంక నాది గాదు," అన్నది నాతో.

ఒకప్పుడు ఆ చెయ్యి పదిమందికి జొన్నరొట్టెలు తట్టిన చెయ్యి. ఇప్పుడు ఆమె రోజంతా వరండాలో మంచం మీద కూర్చుని, ఆ చేతిని కొంగు కింద దాచుకునేది. మా అన్న, వదిన ఎంత బతిమాలినా బంతి జోలికి పోయేది కాదు. నేను చెబితే వింటుందేమోనని నాకు ఆశ. నా మాటా వినలేదు.

ఇట్లా ఉండగా ఒకనాడు మా చిన్నవాడు పాస్తా కావాలని పేచీ పెట్టాడు. వాడు హైదరాబాదులో ఎవరింట్లోనో తిన్నాడట. ఊళ్ళో కొట్టుకు వెళ్ళి అడిగితే, ఆ పొట్లాలు లేవన్నారు. వాడు ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"పొట్లం లేకపోతే మనమే చేద్దాం," అన్నది మా పెద్దమ్మాయి. అది ఏడో తరగతి చదువుతున్నది. "పాస్తా అంటే ఇటలీ భాషలో ముద్ద అనే అర్థమట. పిండిముద్ద! ఇంట్లో పిండి ఉన్నది గదా?"

ఇంట్లో పిండి నిజంగానే ఉన్నది. కాని, ఏ పిండి అనే ఆలోచన వాళ్ళకు రాలేదు. చేతికి అందింది బియ్యప్పిండి డబ్బా. ఇద్దరూ కూర్చుని చన్నీళ్ళతో పిండి తడిపి, పొడుగ్గా పాముల్లాగా చేసి, ముక్కలు కోసి, వదిన దగ్గిరుండగా మరిగే నీళ్ళలో వేశారు. ఐదు నిమిషాల తరువాత మూత తీసి చూస్తే గిన్నెలో పాస్తా లేదు. తెల్లటి గంజి ఉన్నది.

రెండోసారి ఉప్మారవ్వ తీశారు. అది ఇసుకలాగా రాలింది గాని ముద్ద కట్టలేదు. బలవంతాన నొక్కి ఉండలు చేస్తే, నీళ్ళలో పడగానే విడిపోయినై. చిన్నవాడి కళ్ళలో నీళ్ళు తిరిగినై. ఇంత పిండి పాడు చేసినందుకు నేను కేకలు వెయ్యబోతున్నాను. అంతలో వరండాలో నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"బియ్యప్పిండికి సల్లటి నీళ్ళు పోస్తరా ఎవరన్నా?"

వారం రోజులుగా ఆమె తనంత తాను మాట్లాడిన మొదటి మాట అది. నేను పిల్లలను కసరటం మాని, "మరి ఏం పొయ్యాలె అమ్మా?" అన్నాను.

"బియ్యానికి, జొన్నకు ఉడుకునీళ్ళు. గోధుమకు సల్లనీళ్ళు, చేతి బలం. పాలతాలికలు ఎట్ల చేసినమే? నీళ్ళు తెర్లినాక గదా పిండి పోసింది? నువ్వు గూడ మర్చినవా?"

పిల్లలూ! చూడటానికి ఇది వంటింటి మాటే గాని, దీని వెనక పెద్ద శాస్త్రం ఉన్నది. గోధుమలో గ్లయాడిన్, గ్లుటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఉంటాయి. పిండిలో నీళ్ళు పోసి పిసికితే ఈ రెండూ కలిసి సాగే దారాల వలలాగా అల్లుకుంటాయి. ఆ వలకు గ్లూటెన్ అని పేరు. చపాతీ చిరగకుండా సాగేది దానివల్లనే. బియ్యంలోను, జొన్నలోను అటువంటి వల ఏర్పడదు. అందుచేత వాటి పిండికి మరిగే నీళ్ళు కావాలి. ఆ వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ జిగురే ముద్దను కలిపి ఉంచుతుంది. జొన్నరొట్టెకు ఉడుకునీళ్ళు పోసేదీ, తాలికలకు ఎసట్లో పిండి పోసేదీ ఇందుకే.

దీన్ని మీరు కూడా పరీక్షించి చూడవచ్చు. నిమ్మకాయంత గోధుమపిండి ముద్దను బాగా పిసికి, పావుగంట ఉంచి, ఒక గిన్నెడు నీళ్ళలో మెల్లిగా నలుపుతూ కడగండి. తెల్లటి పిండిపదార్థం నీళ్ళలోకి పోతుంది. చివరకు మీ చేతిలో రబ్బరులాగా సాగే చిన్న ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. జొన్నపిండితో ఇదే పని చేసి చూడండి. చేతిలో ఏమీ మిగలదు.

ఇక ఉప్మారవ్వ సంగతి. అది గోధుమదే అయినా పలుకులు పెద్దవి. నీళ్ళు లోపలికి దిగటానికి చాలాసేపు పడుతుంది. మా పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది!

ఇటలీ వాళ్ళు ఎండు పాస్తాకు వాడేది డ్యూరమ్ అనే గట్టి గోధుమ. లాటిను భాషలో డ్యూరమ్ అంటే గట్టి అని అర్థం. దాని గింజ అంబరు రంగులో ఉంటుంది. దానిలో మాంసకృత్తులు ఎక్కువ. అందుచేత ఉడికినా ఆకారం చెడదు. ఎండు పాస్తాను ఆ గోధుమతోనే చెయ్యాలని 1967లో ఇటలీలో చట్టం కూడా చేశారు. అయితే, ఆ గోధుమ మనకు కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లో మాళ్వా ప్రాంతాన విస్తారంగా పండుతుంది. బన్సీరవ్వ అని అమ్మేది ఆ జాతి గోధుమ రవ్వే.

మర్నాడు మా అన్న పని మీద వంతెన దాటి మహారాష్ట్రలో ధర్మాబాదుకు వెళుతుంటే, బన్సీరవ్వ తెమ్మని చెప్పాం. తెచ్చాడు. దాన్ని ఇంకోసారి మెత్తగా మరపట్టి, జల్లెడ పట్టాం. సరిగ్గా అర కిలో తూచి, పావు లీటరు గోరువెచ్చని నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపాం. అంటే రెండు పాళ్ళ రవ్వకు ఒక పాలు నీళ్ళు అన్నమాట. పెద్దమ్మాయి పిసుకుతుంటే వదిన అలవాటు కొద్దీ కాచిన నెయ్యి తెచ్చింది.

"నెయ్యి వద్దు!" అన్నది మా అమ్మ మంచం మీద నుంచే. "నూనెల వేంచే గవ్వలకు నెయ్యి. అది పోస్తే కరకరలాడుతయి. ఇవి నీళ్ళల్ల ఉడకాలె గద?"

ఇదీ సత్యమే. నెయ్యి గోధుమ మాంసకృత్తుల చుట్టూ పూతలాగా చేరి, నీళ్ళను తగలనివ్వదు. దారాలు పొట్టిగా తెగిపోతాయి. అందుకే నెయ్యి పోసిన పిండివంట గుల్లగా, పెళుసుగా వస్తుంది. ఇటలీ దేశం పేరు తప్ప ఏమీ ఎరగని మా అమ్మకు ఇదంతా చేతి అనుభవం వల్ల తెలిసింది.

పది నిమిషాలు పిసికి, ముద్ద మీద తడిబట్ట కప్పి, అరగంట పక్కన పెట్టాం. ఆ అరగంటలో నీరు ప్రతి పలుకులోకీ దిగుతుంది. బిగిసిన వల కాస్త సడలుతుంది. ఖాళీగా కూర్చోవటం పిల్లలకు కష్టం గదా! అందుకని కబుర్లు మొదలుపెట్టాం.

"అమ్మా, పాస్తాను మార్కోపోలో చైనా నుంచి ఇటలీకి తెచ్చాడట. నిజమేనా?" అని అడిగింది అమ్మాయి.

నిజం కాదు. మార్కోపోలో తన ఊరు వెనిస్‌కు తిరిగి వచ్చింది 1295లో. అంతకు 16 ఏళ్ళు ముందే, 1279లో, జెనోవా నగరంలో ఒక మనిషి వదిలిపోయిన ఆస్తి జాబితాలో "ఒక బుట్టెడు మకరోనీ" అని రాసి ఉన్నది. ఇంకా వెనక్కు, 1154లో, అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ పండితుడు సిసిలీ ద్వీపంలోని త్రాబియా అనే ఊళ్ళో పిండితో దారాల వంటి ఆహారం చేసి ఓడల మీద దేశదేశాలకు పంపుతారని రాశాడు. ఎండబెట్టిన పిండివంట నెలల తరబడి చెడదు గనుక ఓడ ప్రయాణాలకు అది ఎంతో పనికివచ్చింది.

"అయితే మార్కోపోలో మనకేమీ కాడా?" అన్నాడు చిన్నవాడు నిరాశగా.

కాకేం? ఆయన మన తెలుగు దేశం గురించి కూడా రాశాడు. ముత్ఫిలి అనే రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా పాలించిందనీ, అక్కడ వజ్రాలు దొరుకుతాయనీ, సాలెపట్టు వంటి సన్నని బట్టలు నేస్తారనీ చెప్పాడు. ముత్ఫిలి అంటే కృష్ణా నదికి దక్షిణాన ఉన్న మోటుపల్లి రేవు. ఆ రాణి మన కాకతి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. ఈ మాట విని చిన్నవాడు మార్కోపోలోను క్షమించాడు.

అరగంట అయింది. ముద్దను వేలెడు లావు తాళ్ళుగా చేసి, సెనగగింజ కన్న కాస్త పెద్ద ముక్కలుగా కోశాం. ఇప్పుడు వాటికి ఆకారం ఇవ్వాలి. ఇటలీలో పాస్తాకు వందలాది ఆకారాలు ఉన్నాయి. వాటి పేర్లు సరదాగా ఉంటాయి. స్పఘెట్టి అంటే సన్నతాళ్ళు. వెర్మిచెల్లి అంటే చిన్న పురుగులు. ఫర్ఫల్లె అంటే సీతాకోక చిలకలు. ఒరెక్కియెత్తె అంటే చిట్టిచెవులు. కొంకీలియె అంటే శంఖుగుల్లలు. వీటిలో సార్దీనియా అనే ద్వీపం వాళ్ళు చేసే మల్లొరెద్దుస్ అనే రకాన్ని పెద్దమ్మాయి ఫోనులో బొమ్మగా చూసింది. ఆ పేరుకు చిట్టిదూడలు అని అర్థం.

"ఇది చూడు అమ్మమ్మా! గీతలు ఎంత చక్కగా ఉన్నాయో! దీనికి గీతల చెక్క కావాలట. అది ఇటలీలోనే దొరుకుతుంది కాబోలు," అన్నది.

మా అమ్మ ఫోను దగ్గిరికి తీసుకుని కళ్ళు చికిలించి చూసింది. తరువాత నవ్వింది.

"గివి గవ్వలే గదనే! అటక మీద సూడు. బియ్యం డబ్బా వెనుక నా గవ్వల పీట ఉంటది."

నిజమే! అది నాకు తట్టనే లేదు. నేను స్టూలు వేసుకుని అటక ఎక్కాను. దుమ్ము పట్టిన ఒక గుడ్డమూటలో టేకు పీట దొరికింది. అరచెయ్యి వెడల్పు, జానెడు పొడవు, నిండా సన్నని గీతలు. మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు మా తాత చేయించి ఇచ్చాడు. ఆయన మంజీర కాలవ కింద చెరకు పండించేవాడు. మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తి అయింది. ఆ నీళ్ళ బలం మీదనే 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు బండ్ల వెంట బోధను దాకా వెళ్ళి, తిరిగి వస్తూ మా తాత ఈ పీట చేయించుకుని వచ్చాడట. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బండ్లూ లేవు, తాతా లేడు. పీట మాత్రం ఉన్నది.

సార్దీనియా వాళ్ళు పూర్వం ఈ పని బుట్ట అడుగున చేసేవారు. బుట్ట అల్లిక మీద పిండిముక్క పెట్టి బొటనవేలితో నొక్కి జార్చేవారు. మనవాళ్ళు పీట లేకపోతే కొత్త దువ్వెన మీద చేస్తారు. ఒకరి నుంచి ఇంకొకరు నేర్చుకోనక్కరలేదు. ఎందుకంటే అవసరం ఒకటే. ముక్క ముద్దగా ఉంటే పైన ఉడికి, లోపల పచ్చిగా ఉంటుంది. నొక్కి డొల్ల చేస్తే అంతటా ఒకే మందం వస్తుంది, ఒకేసారి ఉడుకుతుంది. గీతలూ, డొల్లా పులుసునో, పాకాన్నో పట్టి ఉంచుతాయి.

పిల్లలిద్దరూ పీట చుట్టూ చేరారు. పెద్దమ్మాయి గట్టిగా నొక్కితే ముక్క పీటకు అంటుకుపోయింది. చిన్నవాడు మెల్లిగా నొక్కితే గీత పడలేదు. నేను చేశాను, నాలుగింటికి ఒకటి సరిగ్గా వచ్చింది.

"నొక్కుడు కాదే, జార్చాలె. ఏలు ముందుకు పోతుంటే పిండి ఎనుకకు మర్లాలె," అన్నది మా అమ్మ. మేము మళ్ళీ తప్పు చేశాం. ఆమెకు విసుగొచ్చింది. "ఇట్ల తే!" అంటూ పీటను ఒళ్ళో పెట్టుకున్నది.

ముందు ఎడమచేత్తో ప్రయత్నించింది. ఎడమ చేతికి ఆ పని రాదు. ముక్క జారి కింద పడింది. రెండోది కూడా పడింది. మేము మాట్లాడలేదు. అప్పుడు ఆమె, ఆలోచించకుండానే అనుకుంటాను, కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. బొటనవేలు పిండిముక్క మీద పెట్టింది. వేలు వణికింది. పక్కకు జారింది. ఆమె పెదవి బిగపట్టి మళ్ళీ పెట్టింది. పిండిముక్క నెమ్మదిగా కదిలి, వంకరగా చుట్టుకుని, పీట చివర ఆగింది.

అది సగం గవ్వ. ఒక పక్క గీతలు ఉన్నాయి, ఒక పక్క లేవు.

నాకు గొంతు పట్టేసింది. ఏమన్నా అంటే ఆమె చెయ్యి మళ్ళీ దాచుకుంటుందేమోనని భయం. చిన్నవాడికి ఆ భయం లేదు. "ఇది నాది! ఇది నేనే తింటాను!" అని ఆ గవ్వను ఎత్తుకుపోయి వేరే పళ్ళెంలో పెట్టుకున్నాడు.

ఆనాడు మా అమ్మ ఆ చేత్తో మూడు గవ్వలు చేసింది. దానికి అరగంట పట్టింది. చెయ్యి అలిసిపోయింది. మిగిలినవన్నీ మేము చేశాం. మావి కూడా అంత చక్కగా ఏమీ లేవు.

అన్నట్టు, ఇంకొక సంగతి. సార్దీనియాలో ఈ పిండిలో రంగు కోసం కుంకుమ పువ్వు కలుపుతారు. మా ఇంట్లో కుంకుమ పువ్వు ఎక్కడిది? మాది పసుపు పండే జిల్లా గనుక నీళ్ళలో చిటికెడు పసుపు కలిపాం. గవ్వలు బంగారం రంగులో వచ్చాయి. ఊరి పక్కన పారే హరిద్ర నది పేరుకు అర్థం కూడా పసుపే.

ఇక వండటం. ఐదు లీటర్ల నీళ్ళు మరగబెట్టి 50 గ్రాముల ఉప్పు వేశాం. నూరు గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు అని ఇటలీ ఇళ్ళలో లెక్క. నీళ్ళు తక్కువైతే గవ్వలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వేసిన కాసేపటికి గవ్వలు పైకి తేలినై. తరువాత ఒక్కొక్కటే తీసి కొరికి చూస్తూ వచ్చాం. మెత్తగా ఉడికి, నడుమ పంటికి తగిలీ తగలనట్టు ఉన్నప్పుడు దించాలి. దాన్ని ఇటలీవాళ్ళు అల్ దెంతె అంటారు. అంటే పంటికి అని అర్థం. మనం అన్నం పలుకుగా ఉండగా దించటం అంటాం చూడండి, అదే.

మా వదిన నీళ్ళు వార్చి పారబొయ్యబోతే అమ్మాయి ఒక గ్లాసెడు దాచింది. అది గంజి. దానిలో ఉన్న పిండిపదార్థం పులుసునూ, నూనెనూ కలిపి చిక్కబరుస్తుంది. గంజి విలువ మనకు ఒకరు చెప్పాలా!

పులుసుకు టమాటాలు, ఎల్లిగడ్డ, ఉప్పు, నూనె. ఇవే. టమాటాలను ఉడుకునీళ్ళలో వేసి తోలు తీసి, నలిపి, నూనెలో వేగిన ఎల్లిపాయల మీద పోసి ఇరవై నిమిషాలు సన్నని సెగ మీద ఉంచాం. ఇటలీలో దీని మీద బాసిల్ అనే ఆకు వేస్తారు. అది మన తులసికి దగ్గిరి చుట్టం. వేసవిలో షర్బత్తులో వేసుకునే సబ్జాగింజలు ఆ జాతి మొక్కవే. మాకు ఆ ఆకు దొరకలేదు, కొత్తిమీర వేశాం.

ఇప్పుడు టమాటా లేని ఇటలీ వంటను ఊహించలేం. కాని, టమాటా పుట్టింది అమెరికా ఖండంలో. 1544లో మత్తియోలి అనే ఇటలీ వైద్యుడు దాన్ని గురించి రాశాడు. దాని పేరు పొమొదోరో, అంటే బంగారు ఆపిలు. అయినా చాలాకాలం జనం దాన్ని తినటానికి సందేహించారు. నేపుల్స్‌లో 1839లో అచ్చయిన ఒక వంటపుస్తకంలో టమాటాతో వెర్మిచెల్లి వంట ఉన్నది. అంతకు పూర్వం గొప్పవాళ్ళు పాస్తా మీద జున్నూ, చక్కెరా, దాల్చిన చెక్క పొడీ చల్లుకుని తినేవారు. ఆ లెక్కన మన బెల్లం గవ్వలను చూస్తే వాళ్ళు వింతపడేవారు కారు!

జున్ను మాకు దొరకలేదు. దక్షిణ ఇటలీలో పేదవాళ్ళు జున్ను కొనలేక ఎండిన రొట్టె పొడిని నూనెలో వేయించి చల్లుకునేవారు. మేము నిన్నటి జొన్నరొట్టెను నలిపి, నూనెలో కరకరలాడేట్టు వేయించి చల్లాం.

అందరం కూర్చున్నాం. మా అన్న, "ఇది గోదావరికి అవతల చేసే వరణ్‌ఫళ్‌కు తమ్ముడు," అన్నాడు. మహారాష్ట్రలో గోధుమపిండి బిళ్ళలను పప్పులో ఉడికించి తినే వంట అది. రంజాను నాడు బోధను నుంచి వచ్చే షీర్‌కుర్మాలో సేమియాలు కూడా ఈ వంశానివే. మా అమ్మ ఒక ముద్ద తిని, "బాగనే ఉన్నది గని సప్పగున్నది," అని పైన కారప్పొడి చల్లుకున్నది. మిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఇటలీలో కలాబ్రియా ప్రాంతం వాళ్ళు మన మాదిరే కారం ఇష్టపడతారు. చిన్నవాడు తన మూడు వంకర గవ్వలనూ చివరికి దాచుకుని, ఒక్కొక్కటే లెక్కపెట్టి తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ, "పిండి మిగిలిందా?" అని అడిగింది. మిగల్లేదు. అందుకని చపాతీపిండి చిన్న ముద్ద ఇచ్చాం. ఆ రోజు ఐదు గవ్వలు చేసింది. తరువాతి రోజు చెయ్యి నొప్పి అని చెయ్యలేదు. ఆ తరువాత మళ్ళీ చేసింది. సెలవులు అయ్యేసరికి రోజుకు పదిహేను దాకా చెయ్యగలిగింది. చూపించటానికి వెళ్ళినప్పుడు డాక్టరు విని సంతోషించాడు.

"బంతి కన్న ఇదే మేలు. ఇష్టమైన పని అయితే మనిషి మానడు గదా!" అన్నాడు.

పక్షవాతంలో చెడేది చెయ్యి కాదనీ, చేతికి ఆజ్ఞలిచ్చే మెదడులోని భాగమనీ ఆయన పిల్లలకు వివరించాడు. ఒకే పనిని పదేపదే చేస్తూ ఉంటే మెదడులోని మిగిలిన భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకుంటాయట. అందరికీ అంతా తిరిగి రాకపోవచ్చు. ఎంత వస్తుందో ముందే చెప్పటం కూడా కష్టం. కాని, పని చెప్పకపోతే వచ్చేది కూడా రాదు.

మా అమ్మ చెయ్యి పూర్తిగా బాగు కాలేదు. రొట్టె తట్టలేదు. జడ వెయ్యలేదు. అయితే ఇప్పుడు ఆ చెయ్యి కొంగు కింద లేదు. గవ్వల పీట కూడా అటక మీద లేదు. వరండాలో, మంచం పక్కన, రబ్బరు బంతి ఉండే కిటికీలో ఉన్నది. దసరా సెలవుల్లో మేము వెళ్ళేసరికి ఆమె నలభై గవ్వలు చేసి, ఎండబెట్టి, సీసాలో పోసి ఉంచింది. మా పిల్లలిద్దరూ ఆ సీసా కోసం పోట్లాడుకున్నారు. ఎందుకంటే ఈసారి వంకర గవ్వలు పదకొండే ఉన్నాయి. వాళ్ళిద్దరికీ అవే కావాలి.

మీరు కూడా ఈ వంట చేసి చూడండి. రెండు పాళ్ళ మెత్తని బన్సీరవ్వకు ఒక పాలు నీళ్ళు, పది నిమిషాలు పిసకటం, అరగంట విరామం. మరిగే నీళ్ళ దగ్గిర మాత్రం పెద్దవాళ్ళు ఉండాలి. గవ్వల పీట కోసం ఎక్కడెక్కడో వెతక్కండి. ముందు మీ ఇంటి అటక మీద చూడండి. అక్కడ లేకపోతే మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి.